కొండ మీద తేగల పాతర

మొన్న కార్తీకంలో విశాఖపట్నంలో, మా వీధి చివరి సూపర్ మార్కెట్‌లో బుర్రగుంజు చూశాను. తెల్లటి థర్మోకోల్ పళ్ళెంలో, పల్చటి ప్లాస్టిక్ పొర కింద, ఏసీ చలిలో బుద్ధిగా కూర్చుని ఉంది.

తెలియనివాళ్ళ కోసం చెబుతాను. తాటిపళ్ళు తిన్నాక టెంకల్ని ఇసుకలో పాతిపెడితే మొలక కిందికి దిగి తేగ అవుతుంది. ఆ తేగ ఊరేలోగా టెంక లోపల తెల్లగా, దూదిపింజలా ఒక ముద్ద కడుతుంది. అదే గుంజు. టెంకని కత్తితో రెండు చెక్కలు చేసి, వేలితో పెకలించి తినాలి. తేగ బాగా ఊరిందంటే లోపల గుంజు వట్టిపోతుంది. అందుకే తేగలు అమ్ముకునేవాళ్ళెవరూ పాతర ముందే తవ్వరు. గుంజు బజారు సరుకు కాదు. పిల్లలు పెద్దవాళ్ళ కళ్ళుగప్పి పాతర తవ్వి తినే తిండి.

పళ్ళెం మీద స్టిక్కర్‌లో ‘పాలలో నానబెట్టి తినవచ్చును’ అని ఉంది. పాలలో నానబెట్టమని మీకెవరు చెప్పారని మేనేజర్ని అడిగాను. స్టిక్కర్ కంపెనీ వాళ్ళదన్నాడు. కంపెనీ వాళ్ళ అమ్మమ్మ ఏ ఊరిదో కనుక్కోమన్నాను. వెనక వరసలో ఉన్నవాళ్ళు దగ్గడం మొదలుపెట్టేసరికి బయటికి వచ్చి అరకుకి ఫోన్ చేశాను. ఈ తగువు సంగతి వింటే కడుపుబ్బ నవ్వే మనిషి అక్కడ ఒకరున్నారు.

ఫోన్ తీసింది ఆ మనిషి కాదు. ఆమె మెస్సులో వంటకి సాయం చేసే సొంబారి. డుంబ్రిగుడ అవతలి కొండపల్లె మనిషి.

“అమ్మ ఉందా?” అన్నాను.

“అమ్మ నేదు మేడమ్. వానల్లోనే పోనాది.”

“నాకెవరూ చెప్పలేదేం?” అని రోడ్డు మీదే అరిచాను.

“మీ పేరు తెలీదు మేడమ్. అమ్మ ఫోనుల ‘తగువు మేడమ్’ అని ఉన్నాదంట. మా కోడలు సదివింది. అలాటి పేరు గల మనిషికి సావు కబురు ఎలా సెప్తాం?”

తగువు మేడమ్ అంటే నేనే. అరకు జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పినన్నాళ్ళూ రెండు పూటలా ఆమె మెస్సులోనే తిన్నాను. రెండు పూటలా ఆమెతో వాదన పెట్టుకున్నాను. ఊరంతా ఆమెను మెస్సు పిన్ని అనేది, నేనూ పిన్నీ అనేదాన్ని. పేరు రాయను. పేరుతో పిలిస్తే ఆమె పలికేది కాదు.

బస్టాండు వెనక రేకుల షెడ్డు ఆ మెస్సు. పిన్ని వడ్డిస్తుంటే భోజనానికి వచ్చినట్టుండేది కాదు, హాజరు వేయించుకోవడానికి వచ్చినట్టుండేది. గరిటె విస్తరి మీద ఆపి, “ఏటి, సాలా?” అనేది. చాలంటే మనం ఏదో తప్పు చేశామన్నట్టు చూసేది. వద్దంటే ఇంకో గరిటె పడేది. కూర వదిలేస్తే విస్తరి తీయనిచ్చేది కాదు. “నీ కోసం పుట్టింది కాదా ఆ వంకాయి? తినీసి లెగు,” అనేది. తినే వస్తువు ఏది చేతికి వచ్చినా ముందు వాసన చూసేది. ఆఖరికి ఉప్పు కూడా. ఉప్పుకి వాసనేమిటి పిన్నీ అంటే, “నీకు ముక్కు నేదు కాబట్టి అడుగుతున్నావు,” అనేది.

భీమిలి అవతల, సముద్రపు ఒడ్డున ఆమె ఊరు. ఆ ఊరి పేరు ఆమె నోట నేను వినలేదు. “మా ఇసక” అనేది, అంతే. మా ఇసకలో దోసకాయలు ఇలా ఏడవవు. మా ఇసకలో మనుషులు ఇంత సేపు నిద్రపోరు. వలిసెపూలు విరగబూసి లోయంతా పచ్చగా ఉంటే, జనం ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఫొటోలు తీసుకుంటుంటే, పిన్ని ఒకసారి తలెత్తి చూసి, “ఇసకలో తాటితోపు సూడాలి మేడమా. ఇదేటి, పసుపు ఒలకబోసినట్టు,” అనేది.

“అంత గొప్పదైతే వెళ్ళి చూసి రావచ్చు కదా. బస్సెక్కితే సాయంత్రానికి అక్కడుంటావు.”

“పిలవనోళ్ళింటికి ఎళ్ళడానికి సిగ్గునేదా నాకు?”

పిలవవలసినవాడు ఆమె అన్న. తల్లీ తండ్రీ చిన్నప్పుడే పోతే చెల్లెల్ని పెంచినవాడు. అరకు రైలు లైను మీద గ్యాంగులో పనిచేసే మనిషిని, వేరే కులం అతన్ని, ఈమె చేసుకుంటానంది. అన్న గుమ్మంలో నిలబడి, ఈ గడప మళ్ళీ తొక్కకు అన్నాడు. నువ్వు నోటితో పిలిస్తేగానీ తొక్కనని ఈమె అంది. ఇద్దరూ మాట మీద నిలబడ్డారు. మాట మీద నిలబడేవాళ్ళని మనవాళ్ళు తెగ మెచ్చుకుంటారు. నా ఉద్దేశంలో అది ఒంటికాలి మీద నిలబడటం లాంటిది, చూసేవాళ్ళకి బాగానే ఉంటుంది. భర్త జబ్బుచేసి పోయాడు, పిల్లలు లేరు, మెస్సు పెట్టుకుంది. ఊరి మాట వచ్చినప్పుడల్లా అన్న మాట ఎత్తేది కాదు, బుర్రగుంజు మాట ఎత్తేది.

చిన్నప్పుడు నాగులచవితి పొద్దున్నే అన్న పాతర తవ్వేవాడు. టెంకలు పగలగొట్టి, మొదటి గుంజు పుట్టలో వేసి, రెండోది చెల్లెలి నోట్లో పెట్టేవాడు. ఆ ముద్ద కోసం ఆమె తిరగని సంత లేదు.

సాలూరులో ఎవరో గుంజు అమ్ముతున్నారని ఒకసారి కూరగాయల లారీ డ్రైవరు చెప్పాడు. ఆ ఆదివారం నన్ను లాక్కుపోయింది. ఘాట్ దిగి, బస్సులు మారి సాలూరు చేరితే, బస్టాండు దగ్గర ఒక ముసలమ్మ ఉడకబెట్టిన తేగలు కట్టలు కట్టి అమ్ముతోంది.

“గుంజు ఏదీ?” అంది పిన్ని.

“గుంజేటమ్మా, తేగ ఊరేక గుంజెక్కడుంటాది? తేగలు తీసుకో, తియ్యగున్నాయి.”

“తేగలు ఎవడిక్కావాలి? గుంజు అమ్ముతున్నారన్నారే!”

“అది గుంటలు దొంగతనంగా తవ్వుకు తినీది గానీ, ఎవలైనా అమ్ముతారా? నీకీ వయసులో గుంజేటి తల్లీ? నమలడానికి తేగే ఆయాసం కదా!”

“నా పళ్ళు సూసేవా?” అని పిన్ని నడిబజారులో నోరు తెరిచి చూపించింది. ముసలమ్మ కూడా తన నోరు తెరిచింది. జనం మూగారు. తిరుగు బస్సులో దారంతా, “తేగంటే ముసిల్ది మేడమా, గుంజంటే గుంట,” అని గొణుగుతూనే ఉంది. గుంటలంటే మా వైపు చిన్నపిల్లలు. ఎవరో చెప్పారని గుమ్మలక్ష్మీపురం కూడా వెళ్ళి, కూర వండుకునే లేత వెదురు కొమ్ములు కొనుక్కుని వచ్చింది.

మాదీ తాటితోపులున్న ఊరే, విజయనగరం దగ్గర. ఈ పంతం చూడలేక మా అమ్మ చేత గుంజు తీయించి, తడిగుడ్డలో చుట్టి తెచ్చి ఇచ్చాను. వాసన చూసింది. ఒక ముక్క నోట్లో వేసుకుని ఉమ్మేసింది.

“ఇది బంకమట్టిలో పాతింది.”

“పిన్నీ, నువ్వు వెతుకుతున్నది గుంజు కాదు.”

“మరేటి, నీ తలకాయా?”

ఇక సొంతంగా పండిస్తానని బయల్దేరింది. శృంగవరపుకోట నుంచి డ్రైవరు చేత తాటి టెంకలు తెప్పించి, గెడ్డ వాగులోంచి ఇసుక మోయించి, మెస్సు వెనక పాతర పెట్టింది. ఏటా పెట్టింది. ఏటా నాగులచవితి తెల్లారుతూనే తవ్వింది. కొండ మీద దసరా వెళ్ళేసరికే చలి దిగుతుంది, మొలక మందగిస్తుంది. పగలగొట్టిన టెంకలో గుంజు ఉండేది కాదు. గట్టి పప్పు, దాని మధ్య కాసిని నీళ్ళు. అంతే.

“ఇంకో నెల ఆగు పిన్నీ. ఇక్కడి చలికి ఆలస్యంగా పడుతుంది.”

“నాగులచవితి నీ కొండ కోసం నెల్లాళ్ళు ఆగుద్దా?”

“పోనీ ఒకటి పగలగొట్టి చూసి, తక్కినవి ఉంచు.”

“పండగ్గుంజు పండగనాడే తినాలి. తరవాత తింటే అది తిండి.”

ఇదే వాదన ఏటా. ఏటా టెంకలన్నీ పగిలిపోయేవి. సొంబారి ఆ చిప్పల్ని పొయ్యిలోకి ఎత్తుకుంటూ, “అమ్మా, ఈ నేలకి సోళ్ళు తెలుసు, వలిసెలు తెలుసు. నీ తాటికాయ దీనికి కొత్త సుట్టం,” అనేది. పిన్ని ఉత్త పాలచెంబుతో పుట్ట దగ్గరికి వెళ్ళి, “నాగన్నా, ఈ యేడూ నేదు. కొండ మీదున్నాను, నీకు తెలుసు కదా,” అని సంజాయిషీ చెప్పుకుని వచ్చేది.

ఒక కార్తీకంలో, మధ్యాహ్నం, పల్లపు ఊళ్ళ నుంచి టూరిస్టు బస్సు ఒకటి వచ్చి ఆగింది. మెస్సు నిండిపోయింది. ఆఖరున ఒక ముసలాయన వచ్చాడు. తెల్ల పంచె, భుజం మీద తువ్వాలు, చేతిలో గోనెసంచి. సంచి బల్ల కింద పెట్టుకుని గోడవార కూర్చున్నాడు. సాంబారు బకెట్టుతో వస్తున్న పిన్ని ఆ బల్ల దగ్గర ఆగి, వెనక్కి తిరిగి వంటింట్లోకి వెళ్ళిపోయింది. పచ్చడి కోసం నేను అక్కడే ఉన్నాను.

“మా అన్న,” అంది. బకెట్టు ఇంకా చేతిలోనే ఉంది.

“అయితే ఇక్కడ నిలబడ్డావేం? వెళ్ళి పలకరించు!”

“ఆడు పిలవాలి. అందుకే ఒచ్చుంటాడు. పిలవనీ. నువ్వు మాత్రం నోరెత్తకు మేడమా, నీకు దండమెడతాను. నీ నోరు లెగిస్తే ఇంకెవల మాటా ఇనపడదు.”

నిజమే కదా అని ఊరుకున్నాను.

పిన్ని మొహం తుడుచుకుని బయటికి వచ్చింది. “పప్పు ఎయ్యమంటారా బాబూ?”

ఆయన తలెత్తి చూశాడు. చాలాసేపు చూశాడు. “ఎయ్యమ్మా,” అన్నాడు.

ఆ తర్వాత సాంబారు వడ్డించింది. ఎవరికీ చూపించని మర్యాద అంతా చూపించింది. ‘సాలా?’ అని అడగలేదు, వద్దన్నప్పుడు వెయ్యలేదు. అందరూ తిని లేచిపోయాక కూడా ఆయన మజ్జిగన్నం కలుపుతూనే ఉన్నాడు.

“మెస్సు మీదేనా అమ్మా?”

“మాదే బాబూ.”

“సలి ఎక్కువ కదా ఇక్కడ?”

“అలవాటైపోనాదండి.”

అంతే. చెయ్యి కడుక్కున్నాడు. గుమ్మం దగ్గర ఒకసారి ఆగి, “బువ్వ బాగున్నాదమ్మా,” అని వెళ్ళిపోయాడు. గోనెసంచి బల్ల కిందే ఉంది. పిన్ని ముడి విప్పింది. తాటి టెంకలు, మొలకలతో సహా, ఇంకా ఇసుక రాలుతున్నవి. వాసన చూసింది. మళ్ళీ ముడి వేసింది.

“ఇంతకంటే ఏం పిలుపు కావాలి పిన్నీ నీకు?” అన్నాను.

“సంచికి నోరుందా?” అంది.

సంచి ఎత్తుకుని బస్సు దగ్గరికి పరిగెత్తింది. ఆమె పరిగెత్తగా నేను చూసింది అప్పుడొక్కసారే. వెనకే వెళ్ళాను. “సంచి మర్చిపోనారు బాబూ,” అని కిటికీలోంచి ఆయన ఒళ్ళో పెట్టింది. ఆయన దాన్ని రెండు చేతులా పట్టుకుని, ఆమెకేసి చూస్తుండగానే బస్సు కదిలింది.

ఆ తర్వాత నాకున్న నోరంతా వాడేశాను. నువ్వు మనిషివి కాదన్నాను, ఆయనా మనిషి కాదన్నాను, ఈ మాటలూ పంతాలూ పెట్టుకుని మీరిద్దరూ ఏం బావుకున్నారన్నాను. పిన్నికి కోపం రాలేదు. నెమ్మదిగా ఉంది. “దారి తెలిసింది కదా మేడమా, మళ్ళీ ఒస్తాడు. ఈపాలి నోరు తెరుస్తాడు. మా అన్నకి మొదటిపాలి ఏదీ రాదు, ఈత కూడా అలాగే నేర్సేడు,” అనేది. ఆ ఏడాదంతా మెస్సు శుభ్రంగా ఉంది. రేకులకి రంగు వేయించింది. పాతర పెట్టలేదు. ఎందుకంటే, “తెస్తాడు కదా,” అంది.

మళ్ళీ కార్తీకం వచ్చింది. వచ్చింది ఆయన కాదు, ముప్పై దాటిన ఒక ఆడమనిషి. చంకలో సంచి. గుమ్మంలోనే, “అత్తా, మీ అన్న కూతుర్ని,” అంది.

ఇంకేమీ చెప్పనివ్వలేదు పిన్ని. సంచి లాక్కుంది. కత్తి తెమ్మని సొంబారి మీద అరిచింది, నన్ను కూర్చోమంది, కూర్చుంటే లేచి రమ్మంది. టెంక పగలగొట్టింది. తెల్లటి గుంజు, చెక్క నిండా. మొదటిది తీసి, పుట్ట పెరట్లోనే ఉన్నట్టు, అటు విసిరింది. తర్వాత అందరికీ తలో ముక్క పెట్టి, ఆఖరున తను వేసుకుంది.

సొంబారి నమిలి నమిలి, “దీని కోసమేటమ్మా ఇన్నేళ్ళూ? ఏటీ రుసి నేదు. నీళ్ళలాగున్నాది. మా వెదురుకొమ్ము నయం,” అంది.

పిన్ని విరగబడి నవ్వింది. “అంతే! దానికి రుసేటి ఉంటాది? అంతే అది!” కళ్ళు తుడుచుకుని మేనకోడలి వైపు తిరిగింది. “కూతురి సేత పంపించేడా? తనొచ్చి పిలిస్తే ఏటి, నోటి ముత్యాలు రాలిపోతాయా? ఎలాగున్నాడు?”

ఆమె తల వంచుకుంది. “నాన్న నేడత్తా. ఎండల్లోన పోనాడు.”

పిన్ని, “నాకు కబురెట్టనేదేం?” అంది, దాదాపు నా గొంతుతో.

“పెడదామన్నాను. అమ్మే, ఆవిడికి మనం గుర్తే నేము కదా, ఎందుకూ అన్నాది.”

“గుర్తు నేకపోడమేటి?”

“నాన్నే సెప్పేడు కదా అత్తా. నిరుడు నిన్ను పిలుద్దామనే ఒచ్చేడు. ఇంటికొచ్చి, ‘సెల్లి నన్ను పోల్చనేదే. బాబూ, బాబూ అన్నాది. నా గుంజు కూడా ఎవలిదో అనుకుని తిరిగిచ్చీసింది. ముసిలోణ్ణయిపోనాను, ఎలా పోలుస్తాది’ అని నవ్వేడు. పోల్చని మనిషిని ఏటని పిలవను అన్నాడు.”

మా వైపు పోల్చడమంటే గుర్తుపట్టడం. పిన్ని బుగ్గలో గుంజు ముక్క అలాగే ఉంది. మింగలేదు, ఉమ్మలేదు. “పోల్చనేదనుకున్నాడా,” అంది. ఇంకోసారి అంది. ఆ మధ్యాహ్నం అన్నం తినడానికి వచ్చినవాళ్ళకి సొంబారి వడ్డించింది.

మేనకోడలు రమ్మని ఎంతో బతిమాలింది. అలాగేనంది, వెళ్ళలేదు. తర్వాత నేను కదిపితే, “ఇప్పుడెళ్ళి ఎవలికి సెప్పను, పోల్చేనని?” అంది. దానికి నేను చాలా సమాధానాలు చెప్పాను. ఒక్కటీ ఆమెకి పనికి రాలేదు. పాతర గొయ్యిలో సొంబారి అల్లం వేసుకుంది.

నాకు బదిలీ అయ్యాక కూడా వీలైనప్పుడల్లా వెళ్ళేదాన్ని. ఆఖరిసారి వెళ్ళేసరికి పిన్ని నడుము వంగిపోయింది, బకెట్టు సొంబారే మోస్తోంది. తగ్గనిది గొంతు ఒక్కటే. మనవలతో టూరుకొచ్చిన ఒక ముసలాయన లోపలికి అడుగు పెట్టాడు. పిన్ని గోడ పట్టుకుంటూ వెళ్ళి ఆయన ఎదురుగా నిలబడింది.

“పోల్చేనన్నా. కూకో.”

ఆయన తికమకపడ్డాడు. “ఎక్కడ చూశావమ్మా నన్ను? మాది కర్నూలు.”

“ఏ ఊరైతేటి. పోల్చేను,” అని విస్తరి వేయించింది.

ఎప్పటి నుంచి ఇదని సొంబారిని అడిగాను. నాకు బదిలీ అయినప్పటి నుంచేనంది. ముసలివాడు ఎవడు వచ్చినా ఇదే మాటట. కొందరు నవ్వుతారట, కొందరు నిజంగానే ఆలోచనలో పడతారట, ఒకాయన తానూ గుర్తుపట్టానని చెప్పి పిల్లల క్షేమం అడిగాడట.

నేను ఊరుకుంటానా? వంటింట్లో పట్టుకున్నాను. “ముక్కూ మొహం తెలియనివాళ్ళని గుర్తుపట్టానంటావేం పిన్నీ? అబద్ధం కాదూ?”

“అబద్దమే. ఆడి సొమ్మేటి పోతాది? తెలిసినోడికి సెప్పని నోరు, తెలీనోడికైనా సెప్పనీ,” అని నన్ను పక్కకి నెట్టింది. గుమ్మంలో ఇంకో ముసలాయన, లోపలికి రావాలో వద్దో అన్నట్టు, చెప్పులు సగం విప్పి నిలబడి ఉన్నాడు. పిన్ని ఉన్నచోటి నుంచే గొంతెత్తింది.

“రా అన్నా, రా! పోల్చేను.”